మద్యానికి తోడు నికోటిన్: బీడీ, తంబాకు, వేప్

మద్యం, నికోటిన్ స్వభావంలో ఎదురెదురు పదార్థాలు. మద్యం మెదడును మందగింపజేస్తుంది, నికోటిన్ మేల్కొలుపుతుంది. అయినా ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటం లోకమంతటా కనిపించే సంగతి. మద్యానికి బానిసై చికిత్సకు వచ్చేవారిలో పొగాకు అలవాటు లేనివారు తక్కువ. పొగాకు మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టిన సందర్భాలను తిరగేస్తే చాలాచోట్ల ఆ మొదటి దమ్ము మందు తాగిన రాత్రే పడి ఉంటుంది. సావాసం వల్ల, దావతుల వల్ల ఈ జత ఏర్పడిందని చాలాకాలం అనుకున్నారు. సావాసం పాత్ర నిజమే. కానీ గత కొన్ని దశాబ్దాల పరిశోధనలో తేలింది అంతకంటే లోతైన విషయం. ఈ రెండు పదార్థాలూ మెదడులో ఒకే దారి పట్టి నడుస్తాయి, ఒకటి ఉన్నచోట రెండోదాని పని మారిపోతుంది. నికోటిన్ బీడీ నుంచి వచ్చిందా, దవడలో పెట్టుకున్న తంబాకు నుంచి వచ్చిందా, జేబులో దాచుకున్న వేప్ నుంచి వచ్చిందా అన్నది మెదడుకు పట్టదు. చేరే వేగంలోనే తేడా.

ఈ జతను చూడటానికి ఉత్తర తెలంగాణ బొగ్గు ప్రాంతం సరైన చోటు. మంచిర్యాల జిల్లా నస్పూర్ మండలంలోని శ్రీరాంపూర్ సింగరేణి సంస్థకు ముఖ్యమైన ఏరియా. ఆర్కే-5, ఆర్కే-7, ఎస్సార్పీ-1, ఎస్సార్పీ-3 వంటి భూగర్భ గనులు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. 2016 అక్టోబరు 11న మంచిర్యాల వేరు జిల్లా అయ్యేదాకా ఇదంతా ఆదిలాబాద్ జిల్లా. జనం నోట గని అంటే ‘బాయి’. బాయిలోకి బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె తీసుకుపోవడం నేరం. బొగ్గు పొరల నుంచి వెలువడే మీథేన్ వాయువు గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే భూగర్భంలో పొగ తాగడాన్ని గని నిబంధనలు పూర్తిగా నిషేధించాయి. బ్యాటరీతో తీగను కాల్చే వేప్‌కూ అక్కడ చోటు లేదు. లోపలికి అనుమతి ఉన్నది పేలుడుకు తావివ్వని ధ్రువీకృత విద్యుత్ పరికరాలకే.

పొగకు దారి మూసుకుపోయినా నికోటిన్ కోరిక మూసుకుపోదు. షిఫ్టు పొడవునా మెలకువగా ఉండాల్సిన మనిషికి తంబాకు, ఖైని, గుట్కా నోట్లో పెట్టుకోవడం తేలికైన మార్గమైంది. షిఫ్టు దిగాక బీడీ, ఆ తర్వాత కల్లో క్వార్టరో. పగలంతా ఒకటి, సాయంత్రం రెండూ కలిపి. బీడీ సంగతికి వస్తే, దాన్ని చుట్టే తునికాకు ఆదిలాబాద్, కరీంనగర్ అడవుల్లోనే ఎండాకాలం కోతకు వస్తుంది. చుట్టే పని కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో వేలాది మంది ఆడవాళ్లకు బతుకుదెరువు. పొగ తాగకపోయినా వీళ్ల ఒంట్లోకి చర్మం ద్వారా, దుమ్ము ద్వారా నికోటిన్ చేరుతుంది. బీడీ కార్మికుల మూత్రంలో నికోటిన్ విరిగి ఏర్పడే కోటినిన్ కనబడటం ఇందుకు రుజువు. నికోటిన్ ఇక్కడి జీవితంలో ఎంత లోతుకు దిగిందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

అంకెలు చూస్తే తెలంగాణ చిత్రం కొంచెం వింతగా ఉంటుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మద్యం తాగుతారు. దేశ సగటు 18.8 శాతమే. ఆడవాళ్లలోనూ ఇక్కడ 6.7 శాతం, దేశంలో 1.3 శాతం. పొగాకు దగ్గర తక్కెడ తిరగబడుతుంది. తెలంగాణ మగవాళ్లలో పొగాకు వాడేవారు 22.3 శాతం, దేశంలో 38 శాతం. అంటే తాగే అలవాటు ఇప్పటికే బలంగా పాతుకుపోయిన నేల ఇది, పొగాకు అంతగా పాకలేదు. ఇలాంటి చోట కుర్రవాళ్లకు కొత్త రూపంలో నికోటిన్ అందుబాటులోకి వస్తే ఏమవుతుందన్న ప్రశ్న మిగతా రాష్ట్రాలకంటే తెలంగాణకే ఎక్కువ వర్తిస్తుంది.

నికోటిన్ మెదడుకు చేరే దారులు

పొగను లోపలికి పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడును తాకుతుంది. ఊపిరితిత్తుల నుంచి రక్తం నేరుగా గుండెకు, అక్కడి నుంచి మెదడుకు పోవడమే ఈ వేగానికి కారణం. తంబాకు నమిలినప్పుడు నోటి లోపలి పొర గుండా మెల్లగా ఎక్కుతుంది, పతాక స్థాయికి అరగంట దాకా పడుతుంది. కానీ ఎక్కువసేపు నిలుస్తుంది.

ఖైనిలో సున్నం కలిపి నలపడం వెనుక మంచి రసాయన శాస్త్రం ఉంది. నికోటిన్ క్షార గుణమున్న పదార్థం. చుట్టూ ఉన్న తడి ఆమ్లంగా ఉంటే అది విద్యుదావేశం పొంది పొరలను దాటలేకపోతుంది. క్షారంగా ఉంటే ఆవేశం పోయి స్వేచ్ఛగా దాటుతుంది. సున్నం నోటిని క్షారం వైపు జరుపుతుంది కాబట్టి అదే తంబాకు నుంచి ఎక్కువ నికోటిన్ రక్తంలోకి వెళుతుంది. వేప్ తయారీదారులు సరిగ్గా ఎదురు దిక్కున నడిచారు. చైనా ఔషధ నిపుణుడు హోన్ లిక్ 2003లో రూపొందించిన తొలి ఈ-సిగరెట్ల ద్రవంలో నికోటిన్ స్వేచ్ఛా రూపంలో ఉండేది. ఎక్కువ మోతాదు వేస్తే గొంతు మండేది. 2015లో అమెరికా మార్కెట్‌కు వచ్చిన జూల్ అనే బ్రాండ్ బెంజోయిక్ ఆమ్లం కలిపి నికోటిన్‌ను లవణంగా మార్చింది. గొంతు మంట తగ్గింది, మోతాదు పెంచడానికి అడ్డు తొలగింది. యూరోపియన్ యూనియన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. అమెరికాలో అమ్మిన పాడ్లలో అంతకు రెట్టింపు పైన ఉన్నవి మామూలే. సిగరెట్ తాగడం నేర్చుకునే కుర్రవాణ్ని మొదట్లో ఆపే దగ్గు, మంట అనే సహజ కాపలా వేప్ దగ్గర లేకుండా పోయింది.

మద్యం లెక్క

మద్యం దారి ఇంతకంటే మొద్దుగా ఉంటుంది. నికోటిన్ మెదడులో ఒక ప్రత్యేకమైన గ్రాహకానికి తాళంచెవిలా సరిపోతుంది. మద్యం అలా ఒకచోట ఆగదు. నాడీకణాలను నెమ్మదింపజేసే గాబా వ్యవస్థ బలాన్ని పెంచుతుంది, ఉత్తేజపరిచే గ్లూటమేట్ వ్యవస్థను అణుస్తుంది, ఒంట్లోనే పుట్టే మార్ఫిన్ వంటి రసాయనాలను వదిలిస్తుంది. నికోటిన్ పనిచేసే గ్రాహకాల తీరును కూడా మారుస్తుంది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

తెలంగాణలో జనం కొలత క్వార్టర్. 180 మిల్లీలీటర్ల సీసా, అందులో 42.8 శాతం మద్యం. లెక్కగడితే సుమారు 61 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. కాలేయం గంటకు ఏడు గ్రాముల చొప్పున కరిగించిందనుకున్నా అది పూర్తిగా పోవడానికి తొమ్మిది గంటలకు దగ్గర పడుతుంది. రాత్రి పది గంటలకు ఒక క్వార్టర్ ముగించిన మనిషి తెల్లవారి మొదటి షిఫ్టుకు బయలుదేరేటప్పుడు ఇంకా కొంత మద్యం రక్తంలోనే ఉంటుంది. నీళ్లు, మజ్జిగ, టీ, బీడీ ఏవీ కాలేయాన్ని తొందరపెట్టలేవు.

ఇద్దరూ కలిసే చోటు

మెదడు నడిభాగంలో డోపమిన్ తయారుచేసే నాడీకణాల గుంపు ఒకటుంది. వాటి తీగలు ముందు భాగంలోని న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చిన్న ప్రాంతానికి వెళతాయి. ఆకలేసినప్పుడు అన్నం, దాహమేసినప్పుడు నీళ్లు దొరికితే ఈ దారిలో డోపమిన్ పారుతుంది. ఈ పని మళ్లీ చెయ్యి అని మెదడు నేర్చుకునేది ఇక్కడే. నికోటిన్ ఈ కణాల మీద ఉన్న ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను, ముఖ్యంగా ఆల్ఫా-4 బీటా-2 రకాన్ని, నేరుగా తట్టి లేపుతుంది. మద్యం పక్కదారుల నుంచి వచ్చి అదే కణాలను కదిలిస్తుంది. పైగా ఈ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలు మద్యం సమక్షంలో మరింత సులువుగా తెరుచుకుంటాయి. అందుకే రెండూ ఒకేసారి ఉన్నప్పుడు ఆ సుఖం ఒక్కోదాని సుఖం కంటే ఎక్కువగా అనిపిస్తుంది. మందు పడగానే బీడీ కోసం చెయ్యి తడుముకోవడం మనోబలం తక్కువై జరిగే పని అని నిందించేవాళ్లు ఈ జీవశాస్త్రాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

నికోటిన్ తాగుడును పెంచుతుందని మనుషుల మీద నేరుగా చేసిన ప్రయోగాలున్నాయి. 2006లో ప్రచురితమైన ఒకదానిలో, మద్యానికి గానీ పొగకు గానీ బానిసలు కాని మగవాళ్లకు ఒకసారి మామూలు సిగరెట్లు, ఇంకోసారి నికోటిన్ తీసేసిన సిగరెట్లు ఇచ్చారు. ఆ తర్వాత శ్రమ చేసి మద్యం సంపాదించుకునే ఏర్పాటు పెట్టారు. నికోటిన్ ఉన్న సిగరెట్లు తాగిన రోజునే వాళ్లు ఎక్కువ మద్యం తాగారు. రెండు సందర్భాల్లోనూ పొగ ఉంది, చేతిలో సిగరెట్ ఉంది, తేడా నికోటిన్ ఒక్కటే.

కలిసి తీసుకున్నప్పుడే కాదు, కొన్ని గంటల ముందు తీసుకున్న నికోటిన్ కూడా ఈ పని చేస్తుందని హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో జాన్ డానీ బృందం 2013లో ఎలుకల్లో చూపించింది. మద్యం ఇవ్వడానికి 15 గంటల ముందు ఎలుకలకు నికోటిన్ ఇచ్చారు. అప్పటికి నికోటిన్ ఒంట్లోంచి దాదాపు పోయి ఉంటుంది. తర్వాత మద్యం ఇస్తే డోపమిన్ స్పందన పెరగాలి కదా అనుకుంటాం. అది తగ్గింది. ఎలుకలు మాత్రం ఎక్కువ మద్యం తాగాయి. కారణం వెతికితే ఒత్తిడి హార్మోన్ల దగ్గర తేలింది. నికోటిన్ ఒత్తిడి హార్మోన్లను రేపుతుంది. వాటి ప్రభావంతో డోపమిన్ కణాల మీద అణిచివేత పెరుగుతుంది. ఒత్తిడి హార్మోన్ల గ్రాహకాలను ఔషధంతో మూసేస్తే ఆ మార్పు రాలేదు, ఎలుకల తాగుడూ పెరగలేదు. అంతకుముందు కొద్దిగా తాగితే వచ్చే తృప్తి రావడానికి ఇప్పుడు ఇంకా తాగాలి. పగలంతా దవడలో తంబాకు పెట్టుకుని సాయంత్రం మందు దగ్గర కూర్చునే మనిషికి ఈ ఫలితం సూటిగా వర్తిస్తుందని చెప్పడానికి మనుషుల్లో మరిన్ని ప్రయోగాలు కావాలి. కానీ ఆ మనిషి గ్లాసు ఎందుకు పెరుగుతూ పోతుందో ఆలోచించడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకడం కష్టం.

ఇదే పరిశోధకులు 2018లో ప్రచురించిన పని ఇంకా కలవరపెట్టేది. ఎదిగే వయసు ఎలుకలకు కొన్నాళ్లు నికోటిన్ ఇచ్చి ఆపేశారు. పెద్దయ్యాక అవి మిగతా వాటికంటే ఎక్కువ మద్యం తాగాయి. పెద్ద ఎలుకలకు అదే నికోటిన్ ఇచ్చినప్పుడు ఇంత కాలం నిలిచే మార్పు కనబడలేదు. మనిషి మెదడు దాదాపు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. పదిహేనేళ్ల కుర్రవాడి చేతిలో వేప్, ముప్పై ఏళ్ల మనిషి చేతిలో వేప్ ఒకటి కావు అనడానికి ఇదే ఆధారం.

పుట్టుకతో వచ్చే పాలు కూడా కొంత ఉంది. 2019లో 12 లక్షల మంది జన్యువులను పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనం పొగాకు, మద్యం వాడకాలతో ముడిపడిన 406 జన్యు స్థానాలను గుర్తించింది. వాటిలో కొన్ని రెండు అలవాట్లకూ ఉమ్మడివి. ఒక్కొక్క జన్యువు ప్రభావం మాత్రం చాలా చిన్నది. ఫలానావాడి రాత ఇంతే అని తేల్చే జన్యువు ఏదీ లేదు.

మత్తును దాచే నికోటిన్

ఈ జతలో అన్నింటికంటే ప్రమాదకరమైన అంశం బయటికి కనబడనిది. మద్యం తెచ్చే మందకొడితనాన్ని నికోటిన్ కొంతమేర కప్పేస్తుంది. కునుకు తేలిపోతుంది, చూపు నిలబడినట్టు అనిపిస్తుంది. నికోటిన్ జీర్ణాశయం ఖాళీ కావడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. మద్యం ప్రధానంగా చిన్నపేగుల్లోనే రక్తంలోకి ఎక్కుతుంది కాబట్టి మత్తు మెల్లగా వస్తుంది. తాగిన మనిషికి ఎక్కలేదనిపిస్తుంది, ఇంకో పెగ్గు పోసుకుంటాడు. తాగిన మద్యం మాత్రం ఎక్కడికీ పోలేదు. నిర్ణయం తీసుకోవడంలో తప్పు, దూరం అంచనాలో పొరపాటు, చెయ్యి కాలు మధ్య పొందిక తప్పడం అలాగే ఉంటాయి. తేడా ఏమిటంటే, తాను తూలుతున్నట్టు ఆ మనిషికి తెలియదు.

బైకు మీద ఇంటికి పోయేవాడికి ఇది ప్రాణాంతకం. మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యాన్ని హద్దుగా పెట్టింది. 60 కిలోల మనిషి త్వరగా ఒక క్వార్టర్ ముగిస్తే ఆ హద్దుకు నాలుగైదు రెట్లు పైకి పోతాడు. బాయిలో ప్రమాదం ఇంకా పెద్దది. పైకప్పు రాయి వదులైన శబ్దాన్ని గుర్తుపట్టడం, బొగ్గు టబ్బుల కదలికను గమనించడం, పేల్చే ముందు ఇచ్చే హెచ్చరికకు స్పందించడం, అన్నీ క్షణాల మీద ఆధారపడినవి. మత్తులో ఉన్న వ్యక్తి గనిలోకి దిగకూడదని నిబంధనలు చెప్పేది అందుకే. రాత్రి తాగింది పూర్తిగా దిగకముందే తెల్లవారి నోట్లో తంబాకు వేసుకుని హుషారు తెచ్చుకున్న మనిషి తనను తాను నమ్ముకుంటాడు, పక్కవాళ్లూ నమ్ముతారు. ఆ నమ్మకానికి రక్తంలో ఆధారం లేదు.

కల్తీ కల్లు సంగతి ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో చాలాచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతున్నారని ఎక్సైజ్ దాడుల్లో పదేపదే బయటపడింది. డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ మద్యం లాగే గాబా వ్యవస్థ మీద పనిచేస్తాయి. మద్యంతో ఇవి కలిస్తే శ్వాస మందగించి ప్రాణం పోవచ్చు. నికోటిన్ ఇచ్చే మెలకువ ఆ శ్వాసను కాపాడదు.

మద్యం నుంచి నికోటిన్ వైపు

ప్రభావం ఒకవైపే సాగదు. మద్యం లోపలికి వెళ్లాక నికోటిన్ కోరిక పెరుగుతుందని, రోజుకు ఒకటో రెండో సిగరెట్లు కాల్చేవాళ్లు కూడా మందు తాగిన రోజున వరసగా కాలుస్తారని ప్రయోగాలు చూపాయి. దీనికి కారణాల్లో మెదడు నేర్చుకున్న జత ఒకటి. ఏళ్ల తరబడి గ్లాసు, బీడీ కలిసి వచ్చి ఉంటే గ్లాసు కనబడగానే బీడీ గుర్తుకొస్తుంది. నిగ్రహాన్ని సడలించడం మద్యం పని కాబట్టి, మానేద్దామన్న నిర్ణయం ఆ సమయంలోనే బలహీనపడుతుంది.

కాలేయం ఇంకో పాత్ర పోషిస్తుంది. నికోటిన్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయంలోని సైప్-2ఏ6 అనే ఎంజైము కోటినిన్‌గా మారుస్తుంది. నికోటిన్ సగానికి పడిపోవడానికి మామూలుగా రెండు గంటలు పడుతుంది. బాగా తాగేవాళ్లలో ఈ ఎంజైము వేగంగా పనిచేస్తుందని, తాగుడు ఆపి కొన్ని వారాలైతే వేగం తగ్గుతుందని పరిశోధనల్లో కనిపించింది. ఒంట్లోంచి నికోటిన్ త్వరగా పోతే కోరిక త్వరగా మళ్లీ పుడుతుంది. తాగేవాడి బీడీల లెక్క పెరగడానికి ఇదీ ఒక కారణం. అలాంటివారికి మామూలు మోతాదు నికోటిన్ ప్యాచ్ చాలకపోవచ్చు.

వేప్ తెచ్చిన కొత్త సంగతులు

వేప్ ద్రవంలో ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, రుచి కోసం కలిపే పదార్థాలు. బ్యాటరీ వేడికి అవి ఆవిరి లాంటి తుంపరగా మారతాయి. ఆకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు. సిగరెట్ పొగలో ఉండే క్యాన్సర్ కారకాల్లో చాలావాటి మోతాదు ఇందులో బాగా తక్కువ. ఈ తేడాను ఒప్పుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ సిగరెట్ మానలేనివారికి వేప్‌ను ఒక మెట్టుగా సూచిస్తున్నది ఇందుకే. అయితే మద్యంతో జత కట్టేది తారు కాదు, నికోటిన్. ఆ విషయంలో వేప్ సిగరెట్‌కు ఏమీ తీసిపోదు.

కొన్ని లక్షణాల్లో అది సిగరెట్‌ను మించింది కూడా. సిగరెట్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. బీడీ పీల్చకపోతే ఆరిపోతుంది. వేప్‌కు అలాంటి ముగింపు లేదు, దావతు సాగినంతసేపూ పక్కనే ఉంటుంది. ఎంత తీసుకున్నాడో తాగేవాడికే తెలియదు. వాసన తక్కువ కాబట్టి గదిలో, హాస్టల్లో దాచిపెట్టి వాడొచ్చు. మామిడి, పుదీనా రుచులు చిన్న పిల్లలను లాగుతాయి. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, కొన్ని వేప్ ద్రవాల్లో రుచిని కరిగించడానికి ఇథనాల్ కూడా వేస్తారు. 23.5 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవాన్ని, 0.4 శాతం ఉన్న ద్రవాన్ని పోల్చి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్ష చేశారు. ఎక్కువ ఆల్కహాల్ ఉన్నది పీల్చినవారికి మత్తెక్కినట్టు అనిపించలేదు. చేతి పనితీరులో మాత్రం తేడా వచ్చింది, కొందరి మూత్రంలో ఆల్కహాల్ ఆనవాలు దొరికింది.

అమెరికాలో 2019లో హైస్కూలు విద్యార్థుల్లో 27.5 శాతం మంది గడిచిన నెలలో ఈ-సిగరెట్ వాడినట్టు జాతీయ సర్వే చెప్పింది. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు చదివే బడులూ ఆ సర్వే చెప్పే లోకంలోనివే. వేప్ వాడే పిల్లల్లో మద్యం తాగేవారు, అందులోనూ ఒక్కసారి ఎక్కువ తాగేవారు, వాడని పిల్లల కంటే ఎక్కువని పలు దేశాల సర్వేల్లో తేలింది. ఇందులో వేప్ కారణమెంత, దుడుకు స్వభావం, స్నేహబృందం, ఇంటి పరిస్థితుల పాలెంత అని విడదీయడం సులువు కాదు. ఏళ్ల తరబడి అదే పిల్లలను గమనించిన అధ్యయనాల్లో రెండు దిక్కులా ప్రభావం కనిపిస్తోంది. వేప్ మొదలుపెట్టినవారు తర్వాత తాగుడు వైపు, తాగుడు మొదలుపెట్టినవారు తర్వాత వేప్ వైపు జరుగుతున్నారు. జంతువుల మీద ప్రయోగాలు చెప్పినదానికి ఇది సరిపోతుంది.

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారా, ఆ ఏడాది డిసెంబరులో చట్టం ద్వారా ఈ-సిగరెట్లను నిషేధించింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. నిల్వ మినహా మిగతావాటికి మొదటిసారి నేరానికి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తర్వాత మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. వాడినవాణ్ని శిక్షించే నిబంధన చట్టంలో లేదు. నిషేధం వల్ల వేప్ ఊరూరి కిరాణా దుకాణానికి చేరలేదు, ఇది మంచి ఫలితమే. దొంగచాటుగా వచ్చే సరుకులో నికోటిన్ ఎంతుందో, ఇంకేం కలిసిందో ఎవరికీ తెలియదు, ఇది ఆ నిషేధపు మరో వైపు. 2019-20లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. చాలావరకు కారణం దొంగ సరుకులో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అని తేలింది.

ఒంటి మీద పడే దెబ్బ

నోరు, గొంతు, అన్నవాహిక ఈ జతకు ముందుగా బలయ్యే భాగాలు. ఇక్కడ రెండు ప్రమాదాలూ కూడవు, గుణించుకుంటాయి. 1988లో విలియం బ్లాట్ బృందం అమెరికాలో చేసిన పరిశోధనలో రోజుకు రెండు పెట్టెలు లేదా అంతకు మించి సిగరెట్లు, నాలుగు గ్లాసుల పైన మద్యం తాగేవారికి నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఏదీ తాగనివారికంటే 35 రెట్లకు మించి ఉందని తేలింది. మద్యం నోటి పొరను పలచన చేసి పొగాకులోని విషాలకు దారి ఇస్తుంది. మద్యం విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తుంది. పొగలోనూ అదే ఎసిటాల్డిహైడ్ ఉంది, వేప్ ద్రవం బాగా వేడెక్కినప్పుడు కొంత పుడుతుంది. పొగ లేని తంబాకు, ఖైనికి ఈ లెక్కలో మినహాయింపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగ లేని పొగాకును, మద్య పానీయాలను రెంటినీ మనుషులకు క్యాన్సర్ తెచ్చే మొదటి వర్గంలోనే చేర్చింది.

బొగ్గు ప్రాంతంలో ఊపిరితిత్తుల మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్ల తరబడి బొగ్గు ధూళి, సిలికా పీల్చిన ఊపిరితిత్తులు ముందే బలహీనంగా ఉంటాయి. లోపల చేరిన దుమ్మును బయటికి ఊడ్చే సన్నని కేశాల కదలికను పొగ చంపుతుంది, మద్యం మందగింపజేస్తుంది. క్షయ మళ్లీ తలెత్తడానికి తాగుడు, పొగ రెండూ తోడ్పడతాయి. గుండె విషయంలో నికోటిన్ రక్తపోటును, నాడిని పెంచుతుంది. అతిగా తాగిన రాత్రి గుండె లయ తప్పే ముప్పు దానికి జతవుతుంది.

రెండూ కలిపి మానడం

చాలాకాలం మద్యం మాన్పించే కేంద్రాల్లో ఒక ఆచారం నడిచింది. ముందు మందు మానండి, బీడీ సంగతి తర్వాత చూద్దాం, రెండూ ఒకేసారి మానితే తట్టుకోలేరు అనేవారు. ఈ సలహా మంచి మనసుతో ఇచ్చిందే అయినా ఫలితాలు దానికి ఎదురు తిరిగాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో వ్యసన చికిత్స పొందిన 845 మందిని ఏళ్ల తరబడి గమనించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, చనిపోయినవారిలో 50.9 శాతం పొగాకు సంబంధిత కారణాలతో, 34.1 శాతం మద్యం సంబంధిత కారణాలతో పోయారు. మందు నుంచి కాపాడిన మనుషులను పొగాకుకు అప్పగించినట్టయింది. 2004లో పలు ప్రయోగాల ఫలితాలను కలిపి చూసినప్పుడు, వ్యసన చికిత్సతోపాటు పొగాకు మాన్పించే సాయం కూడా అందుకున్నవారు దీర్ఘకాలం మద్యానికి, ఇతర మత్తుపదార్థాలకు దూరంగా ఉండే అవకాశం 25 శాతం ఎక్కువని తేలింది. రెండూ ఒకే దారిలో నడుస్తాయని తెలిశాక ఇది వింతేమీ కాదు. ఒకదాన్ని వదిలేస్తే అది రెండోదాన్ని వెనక్కి లాక్కొస్తుంది.

మందుల్లోనూ ఈ ఉమ్మడి దారి పనికొస్తోంది. పొగ మానడానికి 2006లో అమెరికాలో ఆమోదం పొందిన వరెనిక్లిన్ నికోటిన్ గ్రాహకాన్ని సగం మాత్రమే తెరిచి నిలుపుతుంది. కోరిక తగ్గుతుంది, పైన నికోటిన్ తీసుకున్నా అంత సుఖం రాదు. ఇది తీసుకున్న కొందరిలో మద్యం కోరిక, తాగే మోతాదు కూడా తగ్గినట్టు ప్రయోగాల్లో కనిపించింది. మద్యానికి నాల్‌ట్రెక్సోన్ వంటి మందులు వేరుగా ఉన్నాయి. ఇవన్నీ వైద్యుడు రాసి ఇవ్వాల్సినవే.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ రావచ్చు. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అలాంటివారిని ఆస్పత్రిలోనే మాన్పించాలి. నికోటిన్ ఆపితే ప్రాణాపాయం లేదు. చిరాకు, నిద్రలేమి, ఆకలి మొదటి వారంలో ఎక్కువగా ఉండి తర్వాత నెమ్మదిస్తాయి. ఆ చిరాకు రోజుల్లో మందు దగ్గరికి పోకుండా ఉండటం రెండు అలవాట్లూ మానేవారికి కీలకం. నైట్ షిఫ్టులు చేసేవారు ఆ వారాన్ని సెలవుల్లో పెట్టుకుంటే తేలిక.

దవాఖానాకు వెళ్లిన మనిషి మందు సంగతి చెప్పి తంబాకు సంగతి మింగేస్తే, లేదా కొడుకు బీడీ ముట్టడని మురిసిన తల్లిదండ్రులు వేప్ గురించి అడగకపోతే, వైద్యుడికి సగం రోగమే కనబడుతుంది. రెండూ చెప్పండి, రెండూ అడగండి. మత్తు మానడానికి సాయం కోరేవారికి దేశవ్యాప్తంగా 14446, పొగాకు మానేవారికి 1800-11-2356, మానసిక సాయానికి టెలీ-మానస్ 14416 నంబర్లు ఉచితంగా పనిచేస్తాయి.